మనసు పడ్డ ల్యాప్‌టాప్, లెక్క చెప్పిన ల్యాప్‌టాప్: రెంటినీ తూచి ఎలా ఎంచుకోవాలి?

కిందటిసారి ల్యాప్‌టాప్ మార్చాలనుకున్నప్పుడు నేను శ్రద్ధగా ఒక పట్టిక వేసుకున్నాను. ఎడమవైపు ఆరు మోడళ్ల పేర్లు, పైన ప్రాసెసర్, ర్యామ్, తెర, బ్యాటరీ, బరువు, ధర. ఒక్కో అంశానికి పదికి ఇన్ని అని మార్కులు, ఆ అంశం నాకు ఎంత ముఖ్యమో దాన్నిబట్టి ఒకటి నుంచి ఐదు వరకు వెయిటేజీ. కూడికలు పూర్తయ్యేసరికి నేను లోలోపల ఇష్టపడ్డ మోడల్ మూడో స్థానంలో నిలిచింది. అప్పుడు నేను తెర వెయిటేజీని 3 నుంచి 5కు పెంచాను. బ్యాటరీ వెయిటేజీని 4 నుంచి 2కు తగ్గించాను. ఎప్పుడూ బల్ల దగ్గర కూర్చునే పనిచేసేవాడికి బ్యాటరీతో అంత అవసరమేముందని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. రెండో కూడికలో నా మోడల్ మొదటి స్థానానికి వచ్చింది, నేను దాన్నే కొన్నాను, కొన్నాళ్లపాటు లెక్క ప్రకారమే కొన్నానని అందరికీ చెప్పాను.

తీర్పు ముందే రాసిపెట్టుకుని సాక్ష్యాలు తర్వాత పోగుచేశానన్న సంగతి చాలాకాలానికి గాని తెలియలేదు. ల్యాప్‌టాప్ కొనేవారికి సాధారణంగా ఇచ్చే సలహా భావోద్వేగాన్ని పక్కనపెట్టి తర్కంతో ఆలోచించమని. నా అనుభవంలో ఆ సలహా పనిచేయదు, ఎందుకంటే పక్కనపెట్టిన ఇష్టం ఊరుకోదు. తర్కం వేషం వేసుకుని పట్టికలోకే దూరుతుంది. పైగా, ఇష్టం బొత్తిగా లేని ఎంపిక అంటూ ఒకటి సాధ్యమేనా అన్నది కూడా అనుమానమే. నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో మెదడు ముందుభాగంలో ఒక ప్రత్యేక ప్రాంతం దెబ్బతిన్న రోగులను పరిశీలించారు. వారి తెలివితేటలు పరీక్షల్లో మామూలుగానే ఉన్నాయి, తర్కమూ చెక్కుచెదరలేదు, భావోద్వేగం మాత్రం మందగించింది. వారిలో ఒకరికి తర్వాతి సంప్రదింపు కోసం రెండు తేదీలు చూపి ఏదో ఒకటి ఎంచుకోమంటే, రెండింటి లాభనష్టాలను దాదాపు అరగంట సేపు ఏకరువు పెట్టారు గాని ఒక్కటీ ఎంచుకోలేకపోయారు.

కాబట్టి మనసును గది బయట నిలబెట్టడం మన ఉద్దేశం కాదు. ఏ దశలో ఎవరు మాట్లాడాలో ముందే నిర్ణయించడం, మనసు మాట్లాడినప్పుడు అది తన పేరుతోనే మాట్లాడేలా చూడడం ఈ పద్ధతిలోని కీలకం.

1. కోరికను ముందుగా కాగితం మీద పెట్టండి

మోడళ్లు చూడడం మొదలుపెట్టక ముందే, తేదీ వేసి, కొత్త ల్యాప్‌టాప్ ఎందుకు కావాలనిపిస్తున్నదో ఐదారు వాక్యాల్లో రాయండి. ఎవరికీ చూపించే కాగితం కాదు కనుక మొహమాటం అక్కరలేదు. "పాతది నెమ్మదిగా ఉంది" అని రాసి ఊరుకోకండి. చివరిసారి ఎప్పుడు, ఏ పని మధ్యలో విసుగు పుట్టిందో రాయండి. సహోద్యోగి దగ్గర సన్నటి యంత్రం చూసిన రోజునుంచే ఈ ఆలోచన మొదలైతే ఆ మాటా రాయండి. ఉద్యోగం మారారనో, పరీక్ష పాసయ్యారనో, మీకు మీరే ఒక బహుమతి ఇచ్చుకోవాలనిపిస్తే అది కూడా నిజమైన కారణమే. అందులో సిగ్గుపడాల్సింది లేదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్న సామెతలో సగం సత్యం పాతదాని గురించే. చాలాసార్లు మనల్ని కొనిపించేది కొత్తదాని మీద మోజు కంటే పాతదాని మీద కసి.

2. పాతదాన్ని విచారించండి

ఆ కసి న్యాయమైనదో కాదో తేల్చడం తర్కం చేయాల్సిన మొదటి పని. విండోస్ యంత్రమైతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. మ్యాక్ అయితే యాక్టివిటీ మానిటర్ ఉంటుంది. మీరు రోజూ తెరిచే ప్రోగ్రాములన్నీ తెరిచి, యంత్రం నత్తనడక నడుస్తున్న క్షణంలో అక్కడి అంకెలు చూడండి. మెమరీ ఎప్పుడూ అంచుదాకా నిండి ఉంటే సమస్య ర్యామ్‌ది. డిస్కు మీద పనిభారం 100 శాతం దగ్గర నిలబడి, లోపల ఉన్నది తిరిగే హార్డ్ డిస్కు అయితే, దాని స్థానంలో ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన నిల్వ) వేయించినంత మాత్రాన యంత్రానికి ప్రాణం లేచివచ్చినట్టు ఉంటుంది. ప్రాసెసర్ మీద భారం లేకపోయినా ఫ్యాను హోరెత్తుతుంటే లోపల దుమ్ము పేరుకుని ఉండవచ్చు. చార్జ్ గంట సేపైనా నిలవకపోతే బ్యాటరీ మార్చడం కొత్త యంత్రం కంటే ఎంతో తక్కువ ఖర్చు.

మరమ్మతుతో తీరని కారణాలూ ఉంటాయి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎమ్ 2.0 అనే భద్రతా సదుపాయం కావాలి కనుక, అది లేని యంత్రం ఎంత చక్కగా నడుస్తున్నా దాని భవిష్యత్తు గురించి ఆలోచించక తప్పదు. ర్యామ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటే దాన్ని పెంచే దారి ఉండదు. విచారణలో పాతది నిర్దోషి అని తేలితే ఈ వ్యాసం ఇక్కడితో మూసేయవచ్చు, డబ్బు మిగిలినట్టే.

3. వారం రోజుల పనిని నమోదు చేయండి

ఒక వారంపాటు ప్రతి రాత్రి, ఆ రోజు ల్యాప్‌టాప్ మీద నిజంగా ఏం చేశారో రెండు మూడు పంక్తులు రాయండి: బ్రౌజరులో ఎన్ని ట్యాబులు, ఎన్ని వీడియో సమావేశాలు, ఎక్కడ కూర్చుని, చార్జర్ తగిలించా తగిలించకనా, సంచిలో వేసుకుని ఎంత దూరం మోశారు. చేయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నవి ఇందులో రాయకూడదు. ఒకప్పుడు నేను వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటానన్న నమ్మకంతో ప్రత్యేక గ్రాఫిక్స్ కార్డు ఉన్న యంత్రం కొన్నాను. దాదాపు రెండున్నర కిలోల యంత్రం, ఇటుకంత చార్జర్. నాలుగేళ్లు మోశాను. ఎడిట్ చేసినవి మూడు వీడియోలు, వాటిలో రెండింటి నిడివి నిమిషం లోపు. కాబోయే మనిషి కోసం కొన్న వస్తువును ఉన్న మనిషి మోయాల్సి వస్తుంది. అయినా ఆ ఆశను పూర్తిగా కొట్టిపారేయకండి. ఉన్న యంత్రం మీదే, అది ఎంత నెమ్మదిగా ఉన్నా, నెల రోజులు ఆ పని మొదలుపెట్టి చూడండి. నెల తర్వాత కూడా వదలకుండా చేస్తుంటే అప్పుడు అది మీ వారపు పనిలో భాగమే.

4. జల్లెడ తయారుచేయండి, మార్కులు వేయకండి

ఇక్కడ తర్కానికి పూర్తి అధికారం ఇవ్వాలి, అదీ మోడళ్ల ఫొటోలు కంటపడకముందే. మీ వారపు నమోదు ఆధారంగా కొన్ని షరతులు రాయండి. ప్రతి షరతుకూ జవాబు అవును లేదా కాదు అనే ఉండాలి. మార్కులు వేస్తే ఏం జరుగుతుందో పైన చెప్పాను: ఒకచోట తగ్గినదాన్ని ఇంకోచోట పెంచి సర్దుకోవచ్చు. జల్లెడలో ఆ సౌలభ్యం లేదు, అందుకే అది మంచిది.

షరతులు రాసేటప్పుడు పేర్ల కంటే కొలతలను నమ్మండి. బ్రౌజరు, ఆఫీసు పనులు, వీడియో సమావేశాలు అన్నీ కలిపి నడిపేవారికి ఈనాడు 16 జీబీ ర్యామ్ ఇబ్బంది లేని మోతాదు; 8 జీబీతో సరిపెట్టుకోవాలంటే తర్వాత పెంచుకునే వీలుందో లేదో తప్పక కనుక్కోవాలి, ఎందుకంటే సన్నటి యంత్రాల్లో చాలావాటికి ర్యామ్ బోర్డుకు అతికించే వస్తుంది. నిల్వ విషయంలో 512 జీబీ అని రాసి ఉన్నది విండోస్‌లో సుమారు 476 జీబీగా కనిపిస్తుంది. ఎవరో కాజేసినట్టు కాదు, తయారీదారు వెయ్యి చొప్పున, విండోస్ 1024 చొప్పున లెక్కపెట్టడం వల్ల వచ్చిన తేడా.

బ్యాటరీకి ప్రకటనలో ఇచ్చిన గంటలను పట్టించుకోకండి, వాట్ అవర్‌లు, అంటే బ్యాటరీలో పట్టే శక్తి ఎంతో చూడండి. 50 వాట్ అవర్‌ల బ్యాటరీ ఉన్న యంత్రం మీ పనికి సగటున 10 వాట్లు వాడితే ఐదు గంటలు వస్తుంది, 15 వాట్లు వాడితే మూడు గంటల ఇరవై నిమిషాలు. తెర కాంతిని నిట్స్‌లో కొలుస్తారు. 250 నిట్స్ తెర మసక వెలుతురు గదిలో సరిపోతుంది గాని కిటికీ పక్కన కూర్చుంటే కళ్లు చికిలించాల్సి వస్తుంది. 300 మామూలు గదికి, 400 ఆపైన వెలుతురు ఎక్కువున్న చోటికి. తెర ఎన్ని రంగులు చూపగలదో చెప్పే కొలతలు ఎన్‌టీఎస్‌సీ, ఎస్‌ఆర్‌జీబీ. 45 శాతం ఎన్‌టీఎస్‌సీ అని రాసి ఉంటే వెలిసిపోయినట్టుండే తెర అని అర్థం. ఫొటోల పని ఉన్నవారు 100 శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్నదానికంటే తక్కువకు దిగకూడదు.

యూఎస్‌బీ-సీ రంధ్రం ఉన్నంత మాత్రాన అన్నీ ఉన్నట్టు కాదు. ఆకారం ఒకటే అయినా కొన్నింటి గుండా డేటా మాత్రమే వెళ్తుంది, చార్జింగూ ఉండదు, బయటి తెరకు బొమ్మా వెళ్లదు. ప్రాసెసర్ సంగతి కూడా అంతే. ఒకే పేరున్న చిప్పు సన్నటి పెట్టెలో వేడెక్కి వేగం తగ్గించుకుంటుంది, గాలి ఆడే మందపాటి పెట్టెలో అదే చిప్పు నిలకడగా పరుగెత్తుతుంది. అందుకే ప్రాసెసర్ పేరు చూసి శక్తి అంచనా వేయడం వాపును చూసి బలుపు అనుకోవడమే అవుతుంది. ఆ మోడల్‌ను అరగంటకు మించి భారం పెట్టి పరీక్షించిన సమీక్షలు చదవండి.

మీకు తప్పనిసరైన సాఫ్ట్‌వేరు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీద నడుస్తుందో, సర్వీసు కేంద్రం మీకు అందుబాటులో ఉందో లేదో కూడా జల్లెడలోనే చేర్చండి. చివరగా ధరకు ఒక పై హద్దు. వారంటీ పొడిగింపు, సంచి, అవసరమైన హబ్బు (అదనపు పోర్టులిచ్చే పరికరం), సాఫ్ట్‌వేరు చందాలు అన్నీ ఆ హద్దులోపలే ఉండాలి. షరతులు ఏడెనిమిదికి మించితే ఏ యంత్రమూ మిగలదు, నాలుగుకు తగ్గితే జల్లెడకు అర్థమే ఉండదు.

5. అమ్మేవారి లెక్కలను గుర్తుపట్టండి

ఇప్పుడు మోడళ్లు చూడవచ్చు. చూసేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోండి. 1974లో మనస్తత్వవేత్తలు ఏమస్ ట్వెర్‌స్కీ, డేనియల్ కానెమన్ ప్రచురించిన ఒక ప్రయోగంలో, అంకెల చక్రం తిప్పిన తర్వాత ఐక్యరాజ్యసమితిలో ఆఫ్రికా దేశాలు ఎంత శాతమో ఊహించమన్నారు. చక్రం 10 దగ్గర ఆగినవారు మధ్యస్థంగా 25 శాతం అన్నారు, 65 దగ్గర ఆగినవారు 45 శాతం అన్నారు. చక్రానికీ ప్రశ్నకూ ఏ సంబంధమూ లేదు. కొట్టివేసిన పాత ధర మీ మీద చేసే పనీ ఇదే: మొదట కంటపడ్డ అంకె కొలబద్దగా మారిపోతుంది. ఎంత తగ్గించారని అడగకండి. మీ పై హద్దులో ఉందా లేదా అన్నదొక్కటే ప్రశ్న.

రెండోది ఎర మోడల్. 1982లో పరిశోధకులు జోయెల్ హ్యూబర్, జాన్ పేన్, క్రిస్టఫర్ పూటో చూపించినదేమిటంటే, రెండు వస్తువుల పక్కన, వాటిలో ఒకదానికంటే అన్నివిధాలా నాసిరకమైన మూడోదాన్ని పెడితే, ఆ ఒకదానివైపు మొగ్గేవారి సంఖ్య పెరుగుతుంది. ఒకే శ్రేణిలోని మూడు మోడళ్లలో ఒకటి మరీ తెలివితక్కువ బేరంలా కనిపిస్తే, పక్కదాన్ని మెరిపించడానికే దాన్ని అక్కడ పెట్టారేమో ఆలోచించండి. ఇక "ఈ రాత్రితో ముగింపు" అన్న గడియారాల గురించి చెప్పేదేముంది, జల్లెడ దాటని యంత్రం ఎంత చవకైనా ఖర్చే.

6. ఇక మనసు వంతు: చేత్తో తాకి చూడండి

జల్లెడలో మిగిలిన రెండు మూడు యంత్రాల దగ్గర తర్కం చెప్పగలిగింది దాదాపు అయిపోయినట్టే. ఇప్పుడు మనసును మాట్లాడనివ్వండి, అయితే అది రెండు గొంతులతో మాట్లాడుతుందని తెలుసుకుని వినండి. ఒకటి శరీరపు ఇష్టం. వేళ్లకు కీబోర్డు హాయిగా ఉండడం, టచ్‌ప్యాడ్ మీద వేలు జారే తీరు, కళ్లకు తెర ఒప్పడం, ఒంటిచేత్తో మూత తెరిస్తే అడుగుభాగం లేవకపోవడం. మరొకటి ప్రతిబింబపు ఇష్టం. దాన్ని బల్లమీద పెట్టుకుని కూర్చున్నప్పుడు నలుగురికీ నేను ఎలా కనిపిస్తానన్నది. మొదటిది రోజుకు ఎనిమిది గంటలు అక్కరకొచ్చే సమాచారం, ఏ పట్టికలోనూ దొరకనిది. రెండోది నెలా రెండు నెలల్లో చల్లబడుతుంది. కాపలా కవరు తొడిగాక రంగు కనిపించదు కూడా.

రెంటినీ విడదీయడానికి ఒక ప్రశ్న చాలు: ఎవరూ రాని గదిలో, ఎవరికీ చూపించకుండా వాడుకోవాల్సి వచ్చినా ఇదే కావాలా?

శరీరపు ఇష్టాన్ని తెలుసుకోవాలంటే పది నిమిషాలు కూర్చోవాలి. నిలబడి మీటలు టకటకలాడించి వచ్చేయకండి. ఒక పేరా మొత్తం టైప్ చేయండి, తెలుగులో రాసేవారైతే తెలుగులోనే. మీటలు లోపలికి దిగే లోతు కొన్నింటిలో ఒక మిల్లీమీటరు, కొన్నింటిలో ఒకటిన్నర. కాగితం మీద అర మిల్లీమీటరు లెక్కలోకి రాదు, వేళ్లకు మాత్రం నాలుగో వాక్యంకల్లా తెలిసిపోతుంది. ఎంటర్ మీట, బాణం మీటలు మీ చెయ్యి వెతికే చోటే ఉన్నాయా? నల్లటి బొమ్మ పెట్టి చూస్తే తెరలో మీ ముఖమే కనిపిస్తున్నదా? తెల్లటి పత్రం తెరిచి, తలను అటూ ఇటూ కదిపితే రంగు మారుతున్నదా? వీలైతే చార్జరుతో సహా మీ సంచిలో పెట్టి భుజానికి తగిలించుకోండి. ఒక కిలో మూడు వందల గ్రాములకూ రెండు కిలోలకూ తేడా అంకెల్లో చిన్నదే, సాయంత్రానికి భుజానికి చిన్నది కాదు.

7. మోజుకు సొంత ఖాతా తెరవండి

నా పాత పట్టికలో జరిగిన తప్పు ఇష్టపడడం కాదు, ఇష్టాన్ని తెర వెయిటేజీ కింద దాచడం. అందుకే ఇప్పుడు బడ్జెట్లో ఒక పంక్తి విడిగా పెడతాను: "మోజు" అని. నా మటుకు నేను పై హద్దులో పదో వంతుకు మించనివ్వను. మీ హద్దు మీ ఇష్టం, కాకపోతే మోడళ్లు చూడకముందే రాసుకోవాలి. జల్లెడ దాటిన రెండింటిలో ఖరీదైనది కేవలం నచ్చింది కనుక కావాలనిపిస్తే, ధరల తేడా ఆ పంక్తిలో ఇమడాలి. ఇమిడితే హాయిగా తీసుకోండి, ప్రాసెసర్ తరం కొత్తదనో మరొకటనో కారణాలు అల్లక్కరలేదు. ఇమడకపోతే అది మనసు పడ్డ వస్తువే గాని మీరు కొనగలిగిన వస్తువు కాదు.

అప్పటికీ రెండింటి మధ్య తేలకపోతే అమెరికా రాజనీతిజ్ఞుడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పద్ధతి ఉంది. 1772 సెప్టెంబరు 19న శాస్త్రవేత్త జోసెఫ్ ప్రీస్ట్లీకి రాసిన ఉత్తరంలో ఆయన, ఏం నిర్ణయించుకోవాలో నేను చెప్పలేను గాని ఎలా నిర్ణయించుకోవాలో చెబుతానంటూ దీన్ని వివరించాడు. కాగితాన్ని నిలువుగా రెండు భాగాలు చేసి, ఒకవైపు అనుకూలాలు, మరోవైపు ప్రతికూలాలు, మూడు నాలుగు రోజులపాటు తోచినప్పుడల్లా రాస్తూ పోవాలి. తర్వాత రెండు వైపులా సమాన బరువున్న వాటిని జంటగా కొట్టివేయాలి. ఒక అనుకూలం రెండు ప్రతికూలాలకు సమానమైతే మూడింటినీ కొట్టివేయాలి. చివరికి ఏ వైపు మిగిలిందో చూడాలి. నా దృష్టిలో ఇందులో కొట్టివేతల కంటే విలువైనవి ఆ మూడు నాలుగు రోజులు. సోమవారం నాటి ఉత్సాహంలో రాసిన అనుకూలాన్ని గురువారం చదివినప్పుడు, అది నిలబడుతుందో లేదో ఇంకొకరు చెప్పనక్కరలేదు.

8. కొన్న తర్వాత

మొదటి రోజే మోడల్ సంఖ్య, ర్యామ్, నిల్వ బిల్లుతో సరిపోల్చండి. ఒకే పేరుతో వేర్వేరు తెరలు, వేర్వేరు ర్యామ్‌లు వస్తుంటాయి. తెరనిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులు వరసగా పెట్టి చనిపోయిన పిక్సెళ్లు ఉన్నాయేమో చూడండి. అన్ని పోర్టుల్లోనూ ఏదో ఒకటి గుచ్చండి, కెమెరా, మైకు, స్పీకర్లు ఒక కాల్‌లో వాడండి, బ్యాటరీని మీ మామూలు పనితో పూర్తిగా ఒకసారి అయిపోనివ్వండి. వాపసు గడువు ఎన్ని రోజులో కాగితం మీద రాసి ఎదురుగా అంటించుకోండి, పెట్టెను అంతవరకు పారేయకండి.

గడువు దాటాక సమీక్షలు చదవడం, ధరలు చూడడం మానేయండి. మనుషులు అన్నింటికంటే ఉత్తమమైనదాన్ని వెతకరని, ముందు పెట్టుకున్న షరతులు తీరిన మొదటిదాని దగ్గర ఆగుతారని హెర్బర్ట్ సైమన్ 1950ల్లోనే చెప్పాడు. 1978లో ఆయనకు అర్థశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. మీ షరతులు తీరాయి కనుకనే అది మీ బల్ల మీద ఉంది, వచ్చే నెల వచ్చే మోడల్‌తో దానికి పోటీ లేదు.

మొదట రాసిన ఆ ఐదారు వాక్యాల కాగితాన్ని మాత్రం పారేయకుండా బిల్లుతోపాటు మడిచి పెట్టండి. ఏడాది గడిచాక ఒకసారి తీసి చదివి, ఏ కారణం నిజమైందో, ఏ కారణం గుర్తుకూడా లేదో చూసి, నిజమైనవాటి పక్కన టిక్కులు పెట్టండి. తెర, రంగు, బరువు, నలుగురి మెప్పు, ఏదైనా సరే, టిక్కు పడనిదాన్ని వచ్చేసారి జల్లెడలోకి రానివ్వకండి, మోజు ఖాతాలో రాసుకోండి. నా పాత పట్టిక నా దగ్గర ఇంకా ఉంది. బ్యాటరీ గడిలో 4 కొట్టేసి 2 వేసిన చోట, చార్జర్ మరిచిపోయి వెళ్లిన ఒకానొక రోజు తేదీ రాసుకున్నాను.